కాఫీ వద్దన్న రాయబారి

మా చిన్నక్క కూతురు ఎం.ఏ. చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం బెంగళూరు పక్కన చందాపురలోని నా షామియానా గోడౌనుకి వచ్చింది. పేర్చిపెట్టిన ప్లాస్టిక్ కుర్చీల్లోంచి ఒకటి లాక్కుని కూర్చుని, "మామా, నిన్నొకటి అడగాల. నవ్వకూడదు" అనింది. నవ్వకూడదని ముందే చెప్పి అడిగేవాళ్ళంటే నాకు భలే ఇష్టం. సగం పని వాళ్ళే చేసిపెడతారు.

ఆ పిల్ల చదివేది దేశాల మధ్య సంబంధాల గురించి. ఎం.ఏ. అయిపోయినాక ఒక ఏడాది పాటు డబ్బిచ్చి ఢిల్లీలో చదివించే ఫెలోషిప్ ఒకటి ఉందట. దానికి వ్యాసాల పోటీ. విషయం దౌత్యం. పుస్తకాల్లోంచి ఎత్తి రాస్తే పనికిరాదు, నువ్వు కళ్ళారా చూసింది, నువ్వు చెయ్యి పెట్టింది రాయాలని నియమం. గెలిస్తే ఢిల్లీ. గెలవకపోతే మహదేవపురలో వాళ్ళ నాన్న ముందే మాట్లాడిపెట్టిన కంపెనీ ఉద్యోగం.

"ఆ కంపెనీ ఐడీ ట్యాగు ఒకసారి మెళ్ళో వేసుకుంటే నేనింక తియ్యను మామా. నా సంగతి నాకు తెలుసు. జీతానికి అలవాటు పడతా, తర్వాత ఇఎమ్ఐ, తర్వాత అయిపోయా. ఇదొక్కటే నాకుండే దారి."

"అది సరే, దౌత్యమంటే ఏంది?"

నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. నేను మానేయలేదు, బడే నన్ను మానేసిందని మా లెక్కల అయ్యవారు అనేవారు. ఆ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.

"మాట్లాడుకోని ఇద్దరి మధ్యకి ఇంకొకరు పోయి మాట్లాడడం."

"ఓస్! దానికి ఢిల్లీ ఎందుకే అమ్మణ్ణీ? ఆదివారం నాతో దొడ్డబళ్ళాపురం రా."

నేనెందుకట్లన్నానో చెప్పాలంటే మా ఇంటి యుద్ధం గురించి చెప్పాలి.

దొడ్డబళ్ళాపురంలో ఉండేది మా పెద్దక్క. పెద్దబావ పోయినాక కూడా ఇంట్లో కరెంటు మగ్గాలు ఆగనివ్వలేదు, తనే నడిపిస్తాంది. చిన్నక్క మహదేవపురలో ఫ్లాటు కొని గృహప్రవేశం చేసినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. కారణం మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. ఆ గృహప్రవేశానికి పెద్దక్కని చిన్నక్క వాట్సాప్‌లో పిలిచింది. బంగారు రంగు బొమ్మ, మధ్యలో చెవులాడించే వినాయకుడు, అటూ ఇటూ వెలిగి ఆరే దీపాలు. పెద్దక్క ఆ ఫోను నా ముఖం మీద పెట్టి, "చూడు రా, నన్ను పిలవమని మీ అక్క ఈయన్ని పంపింది. చెవులాడిస్తాడే గానీ నోరు తెరిచి రమ్మనడు" అనింది.

మాలో శుభకార్యానికి పిలవాలంటే ఇల్లు వెతుక్కుంటూ పోవాల్సిందే. కార్డు మగవాళ్ళ చేతికి, బొట్టు ఆడవాళ్ళ నుదుటికి. అంత బెంగళూరు ట్రాఫిక్‌లో కూడా కుంకుమ భరిణె పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగేవాళ్ళని నేను రోజూ చూస్తాంటా. చిన్నక్క కూడా తిరిగింది. తన అపార్టుమెంటులో ముక్కూముఖం తెలియనివాళ్ళని కూడా బొట్టు పెట్టి పిలిచింది. పెద్దక్కకి మాత్రం వినాయకుడు.

"బయటోళ్ళని బొట్టు పెట్టి పిలుస్తాం. తోడబుట్టినదాన్ని కూడా పిలవాల్నా? ముందురోజే వచ్చి నాకు పనులు పురమాయించాల గానీ!" అని చిన్నక్క వాదన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఆ తగువు తెగలేదు. ఒకరిది తప్పయ్యుంటే ఎప్పుడో తెగిపోయేది.

ఇప్పుడు చిన్నక్క కొడుక్కి నిశ్చితార్థం. అక్క రాకుండా తాంబూలాలు మార్చుకోవడానికి చిన్నక్కకి మనసొప్పలేదు. తను పోయి పిలిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మెడా వంగలేదు. "నువ్వు పోరా. నువ్వైతే ఎవరి లెక్కలోకీ రావు" అని నన్ను నియమించింది. ఏ దేశంలోనూ రాయబారికి ఇట్లాంటి నియామక పత్రం దొరికి ఉండదు.

మెజెస్టిక్‌లో బస్సెక్కినప్పటినుంచి మేనకోడలు ఫోన్‌లో ఏదో రాసుకుంటానే ఉంది. "మామా, మన స్ట్రాటజీ ఏంది?"

"నేను నవ్విస్తా. నువ్వు నోరు మూసుకుని కూర్చో."

"అంతేనా?"

"అంతే. ఇంతవరకు మీ అమ్మానాన్నల కాపురం నిలబడింది దాంతోనే."

పెద్దక్క ఇంట్లో మగ్గాలు తిరుగుతుంటే మాట వినబడాలంటే అరవాలి. అక్కడ కుశల ప్రశ్నలు కూడా కొట్లాట మాదిరే ఉంటాయి. "బాగుండావా?" అని నేనరిచాను. "నాకేమి!" అని పెద్దక్క అరిచింది. ఆ పిల్ల తల నిమిరి, బక్కచిక్కినావు అని తిట్టి, లోపలికి పోయి స్టీలు లోటాల్లో కాఫీ తెచ్చింది.

మా మేనకోడలు చేతులు రెండూ ఊపుతూ, "అయ్యో, వద్దు పెద్దమ్మా! నేను కాఫీ మానేశా" అనింది.

నా లోటా పెదాల దగ్గరే ఆగిపోయింది. తగువున్న ఇంట్లో నీళ్ళు ముట్టరు మావాళ్ళు. రాజీకి వచ్చినవాడు ఇచ్చింది తాగితీరాలి. అది కాఫీయా, కషాయమా, పాచి నీళ్ళా అని చూడకూడదు. లోటా ఖాళీ అయితేనే మాట మొదలవుతుంది. ఇది ఒకరు చెబితే తెలుసుకోవాల్సిన విషయమని నాకు తోచనే లేదు. ఊపిరి తీసుకోమని ఎవరైనా నేర్పుతారా? పాపం ఆ పిల్ల జిమ్ములో ఎవరో చెప్పినారని కాఫీ మానేసింది. పెద్దక్కకి వినబడింది మాత్రం, మీ ఇంట్లో మేం పచ్చి నీళ్ళు ముట్టం అని.

"అవును లే. మా ఇంటి కాఫీ మీకెందుకు దిగుతుంది" అని పెద్దక్క లోటా వెనక్కి తీసుకుంది.

ఇంక నా విద్య చూపించాల్సిన సమయం వచ్చింది. మగ్గాల రొదని మించి గొంతు పెంచి, "దాని తప్పేం లేదక్కా! ఇంట్లో మీ చెల్లెలు పెట్టే కాఫీ తాగి తాగి, దానికి కాఫీ అంటేనే..." అని అరుస్తుండగా కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయినాయి. ఆ నిశ్శబ్దంలో "వాంతొస్తాది!" అన్న నా మాట వీధి దాకా పోయింది. ఎదురింటాయన తొంగిచూసినాడు.

పెద్దక్క నవ్వలేదు. "దాని కాఫీకేమిరా?" అనింది. "అమ్మ చేతి కాఫీ వచ్చింది దానికొక్కదానికే. నీకు నాలుక లేకపోతే దాన్నంటావా?"

నేను చచ్చుముఖం పెట్టాను గానీ లోపల ఎగిరి గంతేశాను. చెల్లెలితో మాట్లాడదు. చెల్లెల్ని ఎవరన్నా అంటే ఊరుకోదు. ఇంక నాలుగు జోకులేస్తే పని అయిపోయినట్టేనని లెక్క వేసుకుంటున్నా. అంతలో మా పిల్ల, నోరు మూసుకుని కూర్చోవాల్సిన మనిషి, అడిగేసింది.

"పెద్దమ్మా, నిజంగా ఆ వాట్సాప్ కోసమేనా మీకు కోపం?"

ఇన్నేళ్ళలో మాలో ఒక్కరం కూడా ఆ మాట అడగలేదు. కారణం తెలిసిపోయిందనుకున్నాక ఎవరడుగుతారు? పెద్దక్క ఆ పిల్ల ముఖంలోకి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "రేయ్, వీధి చివరంగట్లో కారం శనక్కాయలు బాగుంటాయి. పోయి తీసుకురాపో" అనింది. రాయబారిని శనక్కాయలకి పంపించినారు.

పొట్లంతో తిరిగొచ్చేసరికి మా పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో కాఫీ లోటా ఉంది, మందు తాగినట్టు గుటకలు వేస్తాంది. నిశ్చితార్థానికి వస్తావా అక్కా అంటే పెద్దక్క "చూస్తాంలే" అనింది. మా ఇళ్ళల్లో చూస్తాం అంటే రామని.

బస్సు యలహంక దాటినాక ఆ పిల్ల నోరు విప్పింది. నేను శనక్కాయలకి పోయినప్పుడు పెద్దక్క చెప్పిన మాటలు నాకు చెప్పింది.

"మీ అమ్మకి రావడానికి తీరిక లేక కాదే ఫోన్‌లో పంపింది. వస్తే బొట్టు పెట్టాల. మీ పెదనాన్న పోయినాక నాకు పెట్టకూడదంటారు. పెట్టకుండా ఉత్త నోటితో పిలిస్తే నేను నొచ్చుకుంటా. ఈ తంటా అంతా ఎందుకని బొమ్మ పంపి తప్పించుకుంది. ఊళ్ళోవాళ్ళు తప్పించుకుంటారు, సరే. అది కూడా నా ముఖం చూళ్ళేకపోయింది చూడు, అదీ నా కోపం. ఈ మాట మీ అమ్మకి చెప్పొద్దు."

పొట్లం విప్పి ఆ పిల్లకిచ్చాను. అదీ తినలేదు, నేనూ తినలేదు.

వారం తిరక్కముందే వ్యాసం రాసేసింది. గోడౌనుకి వచ్చి, ఇంగ్లీషులో రాసుకున్నది నాకోసం తెలుగు చేసుకుంటూ చదివింది. చుట్టిపెట్టిన కార్పెట్ మీద కూర్చుని విన్నా. కాఫీ వద్దన్నది, కరెంటు పోయింది, నేను శనక్కాయలకి పోయింది, అన్నీ ఉన్నాయి. వేలు చాచి బొట్టు పెట్టలేక ఒక మనిషి ఇంకో మనిషిని పోగొట్టుకోవడం గురించి రాసిన చోట, అంత చిన్నపిల్ల అంత మాట ఎట్లా రాసిందా అనిపించింది. గెలుస్తుందని నాకు అనుమానం లేదు. తీర్పు చెప్పేది నేను కాకపోవడం ఒక్కటే అడ్డం.

"కానీ పంపలేను మామా" అని ఫోను మూసేసింది. "గెలిచిన వ్యాసాలు వెబ్‌సైటులో పెడతారు. నాన్న దాన్ని అన్ని గ్రూపుల్లోనూ వేస్తాడు. అమ్మ చదువుతుంది."

"ఊరు పేరు మార్చు."

"వినాయకుడు చెవులాడించిన ఇల్లు మనదొక్కటే మామా."

"అయితే పెద్దమ్మ బదులు పెదనాన్న అని రాయి."

"పెదనాన్నకి బొట్టు ఎవరు పెడతారు?"

అక్కడ నన్ను గెలిచింది. అయినా నేను వదల్లేదు. ఒక ముసలామె రహస్యం కంటే నీ జీవితం పెద్దది, పంపు అన్నాను. ఆ ట్యాగు మెళ్ళో పడితే నువ్వే అన్నావు కదా తియ్యనని, అని కూడా అన్నాను. ఆ పిల్ల కుర్చీ దొంతర మీద కుర్చీ పెట్టేసి, "అమ్మతో మాట్లాడతా" అని లేచింది. ఎక్కడ ఆ మాట బయటపెడుతుందోనని నేనూ తోడుగా పోయాను.

ఆ పిల్ల చెప్పకూడని మాట ఒక్కటీ చెప్పలేదు. వంటింట్లో చిన్నక్క ముందు నిలబడి, "అమ్మా, పెద్దమ్మని నువ్వే పోయి పిలువు. అందర్నీ ఎట్లా పిలుస్తావో అట్లే. బొట్టు పెట్టి" అనింది. అంతే.

చిన్నక్క గరిటె పక్కన పెట్టింది. కోప్పడుతుందనుకున్నా. కోప్పడలేదు. స్టవ్ కట్టేసి, చిన్న గొంతుతో, "బొట్టు... ఆమెకి ఎట్ల పెట్టేదే?" అనింది.

అప్పుడు తెలిసింది నాకు. పెద్దక్క ఊహ ఊరికే ఊహ కాదు. తోడబుట్టినదాన్ని పిలవాల్నా అని ఇన్నేళ్ళూ అరిచిన మనిషి, నిజంగానే ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయి, వినాయకుణ్ణి ముందుకు తోసింది.

"ఎట్లేముందమ్మా? వేలితో" అనింది కూతురు.

ముగ్గురం పోయాం. దారిపొడుగునా చిన్నక్క కుంకుమ భరిణె మూత తీసి చూసుకోవడం, మళ్ళీ మూసెయ్యడం. పెద్దక్క వాకిట్లో మమ్మల్ని చూసి మగ్గాలు ఆపమని లోపలికి కేకేసింది. చిన్నక్క పలకరించలేదు, కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి, భరిణె తెరిచి, వేలు ముంచి చెయ్యెత్తింది.

"ఏం చేస్తాండావే?"

"నీ కొడుకు లాంటోడికి నిశ్చితార్థం. రావాల."

బొట్టు కనుబొమ మీదికి జారింది. పెద్దక్క తుడుచుకుంటుందేమో అనుకున్నా. ఆమె కళ్ళు మూసుకుని, ముఖం ఇంకొంచెం ముందుకు పెట్టి, "పక్కకి పోయింది. సరిగ్గా మధ్యలో పెట్టు" అనింది.

చిన్నక్క మళ్ళీ పెట్టింది. నేను ఏదో ఒక జోకు వేసుంటాను, నాకు గుర్తులేదు. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం బయల్దేరేముందు, చిన్నక్క పెరట్లో కరివేపాకు కోసుకుంటున్నప్పుడు, మా పిల్ల పెద్దక్క దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది. పోటీ గురించి, ఢిల్లీ గురించి, మీ మాట రాశాను, మీరు సరేనంటే పంపుతాను అని. నేనూ పక్కనే ఉన్నా. ఇంత జరిగినాక పెద్దక్క కాదంటుందా అనుకున్నా.

కాదనింది.

"అది తనంతట తానే వచ్చింది అనుకుంటాండాను. నువ్వేదో అనుంటావని నాకు తెలీదా? తెలుసు. కానీ నేనేం చెప్పినానో దానికి తెలీదు. తెలిసి పెట్టింటే అది జాలి. తెలీక పెట్టింది కాబట్టి ఇది బొట్టు. అట్లనే ఉండనీ తల్లీ. నీకు ఇంకో ఇల్లు దొరకదా రాసుకోవడానికి?"

"సరే పెద్దమ్మా" అనింది పిల్ల. బతిమాలలేదు. నాకైతే బతిమాలాలనిపించింది. పెద్దక్క కాళ్ళు పట్టుకుందామనిపించింది.

గడువు దగ్గరపడింది. కొత్త విషయం వెతికే తీరిక లేదు. ఉన్నదాంట్లోంచి ఆ గుండెకాయ తీసేసి, కాఫీ వద్దని తను చేసిన తప్పు, దానివల్ల చెడింది, తర్వాత రాయబారమే అక్కర్లేకుండా పెద్దవాళ్ళే పోయి పిలుచుకున్నది, ఇంతవరకే రాసి పంపింది. నాకు చదివి వినిపించలేదు. అడిగితే, "బాగానే ఉంది మామా. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి" అనింది.

నిశ్చితార్థంలో పెద్దక్క ముందువరసలో కూర్చుంది. షామియానా నాదే కాబట్టి ఆ కుర్చీ ఎవరూ లాగకుండా నేను కాపలా ఉన్నా.

ఫలితాలొచ్చిన రోజు మా పిల్ల ఫోన్ చెయ్యలేదు, నేరుగా వచ్చింది. ఆఖరి విడత దాకా పోయి ఆగిందట. ఎంపిక చేసేవాళ్ళు రెండు వాక్యాల అభిప్రాయం పంపినారు. మా పిల్ల చదివి వినిపించింది: భాష బాగుంది, పరిశీలన బాగుంది, కానీ ఆ ఇద్దరి మధ్య అసలు గొడవ ఏమిటో రచయిత్రి లోతుగా తెలుసుకునే ప్రయత్నం చేయలేదు.

ముందు ఆమెకే నవ్వొచ్చింది. పగలబడి నవ్వింది. నేనూ కలిశాను. నవ్వి నవ్వి, నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలియలేదు. టేబుళ్ళ మీద పరిచే తెల్లగుడ్డ ఒకటి చేతికిచ్చాను. అది ఉతికిందే.

తర్వాతి నెల మహదేవపురలో ఉద్యోగంలో చేరింది. ట్యాగు ఎర్ర తాడుది. "మీ కంపెనీలో కుక్కలకి లైసెన్సు తప్పనిసరా?" అని అడిగితే తన్నడానికి వచ్చింది. బాగానే ఉన్నట్టు కనిపించేది. అది చూస్తేనే నాకు భయమేసేది.

పెద్దక్క రాయొద్దన్న మాట ఇప్పుడు నేనెట్లా రాస్తున్నానని మీరు అడగాలి. పోయిన చలికాలం అక్కలిద్దరూ మహదేవపుర ఫ్లాటులో కూర్చుని, కూరకి నానబెట్టిన అనపగింజలు పితికి తొక్క తీస్తున్నారు. మేనకోడలూ, నేనూ అక్కడే ఉన్నాం. ఒక మాట మీద ఇంకో మాట వచ్చి, పెద్దక్క ఉన్నట్టుండి, "అప్పుడు నువ్వు వాట్సాప్ పంపింది బొట్టు పెట్టలేకనే కదే?" అనేసింది.

చిన్నక్క తలెత్తలేదు. చేతిలో గింజ పితికి పప్పు గిన్నెలో వేసి, "అవునక్కా. నీకు తెలుసని నాకెప్పుడో తెలుసు" అనింది.

"ఎప్పుడు?"

"నేను బొట్టు పెడితే కళ్ళు మూసుకున్నావు చూడు, అప్పుడే."

ఇద్దరూ గింజలు పితకడంలో పడ్డారు. మా పిల్ల నా వైపు తిరిగి, "మామా, అంటే నేను మొదట రాసిందే పంపుంటే..." అనింది.

"మాట్లాడకు" అన్నాను. "మజ్జిగ తాగు."

తనంతట తానే బయటపెట్టింది కాబట్టి, ఇంక రాసుకోవచ్చా అని పెద్దక్కని నేనే అడిగాను. "నీది ఎవరు చదువుతారు లే, రాసుకో" అని అనుమతిచ్చింది.

ఆ మొదటి వ్యాసం మా పిల్ల ఫోన్‌లో ఇంకా ఉంది. ఈ ఏడాది మళ్ళీ పోటీ పెట్టినారు, ఇప్పుడది పంపవే అన్నాను. ఈసారి వేరే విషయం ఇచ్చినారట, నదుల గురించి. రెండు రాష్ట్రాలు నీళ్ళు పంచుకోవడం గురించి. నాకు కడుపు మండిపోయింది. ఆ పిల్ల మాత్రం వారాంతాల్లో గోడౌనుకి వచ్చి, ట్యాగు తీసి కుర్చీకి తగిలించి, ఏదో రాసుకుంటాంది. రాయడం కంటే ఎక్కువగా ఎవరెవరికో ఫోన్లు చేసి, అవతలివాళ్ళు చెప్పేది గంటలకొద్దీ వింటుంది. మధ్యమధ్యలో ఒక్కమాట అడుగుతుంది, అంతే.

"ఏం రాస్తాండావు?" అని నిన్న మెల్లిగా అడిగాను.

"చెప్పను మామా" అనింది తలెత్తకుండానే. "ఇది చెప్పినాయన ఇంకా సరే అనలేదు."